పెట్టెలో లేని అంచు

వజ్రవేలు గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందు చేతిలోని కలాన్ని నీళ్ళలో కడిగేవారు. దాని మెడకు చుట్టిన ఉన్నిని పిండి, గోడకు ఆనించి, అడిగినవాడి ముఖంలోకి ఒకసారి చూసి, ఏదో ఒక పని చెప్పేవారు. కరక్కాయలు దంచమనో, పాలవాడు ఇంకా రాలేదు చూసి రమ్మనో. జవాబు మాత్రం చెప్పేవారు కాదు. పని ముగించి వచ్చేసరికి కొందరు ప్రశ్నే మరచిపోయేవారు, కొందరికి జవాబు తట్టేది. తట్టినవాళ్ళు గురువుగారికి అంతా ముందే తెలుసని ఊరంతా చెప్పుకునేవారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నేనూ చాలా కాలం అలాగే చెప్పుకు తిరిగాను. ఆ నమ్మకం నాకు ఎలా సడలిందో, సడలాక ఆయన మీద గౌరవం తగ్గకపోగా ఎందుకు పెరిగిందో, ఆ సంగతి ఇప్పుడు చెబుతాను.

ఆయన శ్రీకాళహస్తిలో కలంకారీ మేస్త్రి. గుడ్డను పాలలోనూ కరక్కాయ రసంలోనూ నానబెట్టి ఆరబెట్టి, వెదురు కలంతో దాని మీద దేవుళ్ళ కథలు రాయడం ఆయన వృత్తి. బొమ్మే అయినా మేము రాయడం అనే అనేవాళ్ళం. రాసిన గుడ్డ ఒక్కొక్క రంగుకూ ఏటికి వెళ్ళి, పారే నీళ్ళలో ఉతుకు పడి రావాలి. ఉతుకు సరిగ్గా పడితేనే రంగు నిలుస్తుంది. లేకపోతే మేస్త్రి ఎంత గొప్పవాడైనా ఆ గుడ్డ పొయ్యి దగ్గర మసిగుడ్డకు తప్ప పనికిరాదు. ఈ మాట మేస్త్రీలందరూ ఒప్పుకుంటారు, కాకపోతే ఉతికేవాళ్ళ ఎదుట ఒప్పుకోరు. మా గుడ్డలు ఉతికే మనిషి కుప్పమ్మ. ఊళ్ళో ఇంకా చాలా ఇళ్ళ బట్టలు కూడా ఆమే ఉతికేది. ముప్పై ఏళ్ళుగా మూట దించి, మూట ఎత్తుకుని పోవడమే తప్ప, ఆ గదిలో ఆమె కూర్చోవడం మేమెవరమూ చూడలేదు. కూర్చోమన్నవాళ్ళూ లేరు.

గురువుగారి గదిలో పనసచెక్క పెట్టె ఒకటుండేది. ఆయన తాత కాలం నుంచి ఆ ఇంట్లో రాసిన అంచులన్నీ, ఒక్కొక్కటీ జానెడు ముక్కగా, అందులో దొంతర పెట్టి ఉండేవి. రెండు వందలకు పైమాటే. శిష్యుడు సొంతంగా పని పెట్టుకోవాలంటే ఆ పెట్టెలో లేని అంచు ఒకటి రాసి చూపించాలి. అది ఆ ఇంటి కట్టుబాటు. కథలు పురాణాలవి, వాటిని మార్చడానికి లేదు; దేవుళ్ళ రంగులు పెద్దలు పెట్టినవి, అవీ మార్చడానికి లేదు. మనిషి తనదంటూ చూపించుకోగలిగింది ఆ మూడు వేళ్ళ అంచులోనే.

దామోదరం అప్పటికి తొమ్మిదేళ్ళుగా అక్కడ ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి. అతని చెయ్యి ఎంత నిలకడంటే, బారెడు గీత గీసినా మొదలూ చివరా ఒకే లావు. కానీ అంచు దగ్గరకు వచ్చేసరికి చిక్కుబడేవాడు. మొదటిసారి తామర తీగ రాసి తెచ్చాడు. గురువుగారు పెట్టె మూత ఎత్తి, వెతకనైనా వెతకకుండా ఒక ముక్క లాగి దాని పక్కన పెట్టారు. అదే తామర తీగ. రెండోసారి ఎదురెదురు చిలకలు తెచ్చాడు, మూడోసారి మామిడిపిందెలు. పెట్టెలోంచి చిలకలూ వచ్చాయి, మామిడిపిందెలూ వచ్చాయి. నాలుగోసారి తెలివి ఉపయోగించి చిలకల ముక్కులకు మామిడిపిందెలు తగిలించాడు. గురువుగారు రెండు ముక్కలు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించారు. ఐదోసారి గోపురాలు తలకిందులుగా రాసి తెస్తే, ఆయన ఏమీ అనకుండా పెట్టెలోంచి గోపురాల అంచు తీసి, దాన్నే తలకిందులుగా తిప్పి పట్టుకున్నారు. నాకు నవ్వొచ్చింది. దామోదరం ముఖం చూశాక నవ్వినందుకు సిగ్గేసింది. ప్రతిసారీ చివరికి పెట్టె మూత టప్పుమని పడేది, ఆ చప్పుడుతో ఆ పూటకు మాట ముగిసేది.

అతని తొందరకు కారణం ఉంది. భార్య, కూతురు నగరిలో మామగారింట్లో ఉన్నారు. ఇక్కడ అతను ఉండేది గురువుగారి పెరట్లోని ఒంటి గదిలో. సొంతంగా పని పెట్టుకుంటే తప్ప సంసారం తెచ్చుకోవడానికి లేదు. ఆ ఏడు మామగారు కబురు పెట్టారు, అచ్చులతో బట్టకు రంగులద్దే మిల్లులో చోటుందనీ, ఉగాదికల్లా వచ్చి చేరకపోతే అది వేరేవాళ్ళకు పోతుందనీ. మిల్లుకు వెళ్ళిన చేతికి మళ్ళీ కలం పట్టే అవసరం ఉండదు. పిల్ల ఏడో ఏట పడుతోంది, తండ్రిని చూస్తే చుట్టాన్ని చూసినట్టు తలుపు వెనక్కు పోతోందట. ఆ సంగతి నాతో చెప్పిన రోజు అతను అన్నం సగంలో లేచాడు.

ఆ మర్నాడే గురువుగారిని అడిగాడు.

"అయ్యా, కల్పన అనేది అందురికీ ఉంటాదా, కొందురికే రాసిపెట్టి ఉంటాదా? నాకు లేదంటే లేదని చెప్పేయండి. ఉగాదికి పోయి మిల్లులో చేరిపోతాను. తొమ్మిదేండ్లు పోతే పోయినాయి."

గురువుగారు కలం కడిగారు, ఉన్ని పిండారు, గోడకు ఆనించారు.

"కుప్పమ్మ మొగుడికి మోకాలు వాచి పడుకోనుండాడంట. మూటలు మోసేదానికి మనిషి లేడు. పది దినాలు నువ్వు పోయిరా నాయనా," అన్నారు.

ఇందులో ఏదో గొప్ప మర్మం ఉందని నేను లోపల లోపల పొంగిపోయాను. దామోదరం మాత్రం పళ్ళు బిగబట్టుకుని తువ్వాలు నెత్తిన చుట్టుకున్నాడు.

స్వర్ణముఖి ఏట్లో ఆ ఏడు ఫాల్గుణమాసం దాకా నీళ్ళున్నాయి. మొదటి మూడు రోజులూ అతను మూటలు దించి, వంకర మొహంతో ఒడ్డున కూర్చున్నాడు. నాలుగో రోజు ఒక విషయం అతని కంటబడింది. కుప్పమ్మ అరవై మూడు ఇళ్ళ బట్టలు ఒక్క కుప్పలోంచి విడదీస్తోంది. తడి బట్ట చేతికి వస్తుంది, మూల ఒక్కసారి వేలితో తిప్పుతుంది, బట్ట దాని కుప్పలోకి పోయి పడుతుంది. ఎక్కడా ఆగడం లేదు, తడుముకోవడం లేదు. ఆమెకు అక్షరం ముక్క రాదు. అతను లేచి వెళ్ళి ఒక చీర మూల తిప్పి చూశాడు. అక్కడ నల్లజీడి రసంతో వేసిన గోరంత గుర్తు ఉంది. ఉతికేవాళ్ళందరూ గుర్తులు వేస్తారు, అది వింత కాదు. మామూలుగా ఆ గుర్తులు ఒక గీత, రెండు గీతలు, గీతకు అడ్డగీత, అంతే. ఇవి అలా లేవు. ఒకటి మెడ వంగిన గీత. ఒకటి వాలుగా దిగిన మూడు చుక్కలు. ఒకటి సున్నా, దాని లోపల ఒక పక్కకు ఒరిగిన చుక్క. అరవై మూడింటిలో ఒకదాని పోలిక ఇంకొకదానికి లేదు. అన్నీ కలిపి చూస్తే మాత్రం ఒక్క చేతివని తెలిసిపోతోంది.

"ఇవెవురు నేర్పినారక్కా నీకు?" అని అడిగాడు.

"నేర్పేదేముండాది సామీ. మా అత్త గీతలే పెట్టేది. ఇండ్లు ఎక్కువయ్యేకొద్దీ గీతలెక్కువాయె, అవి ఎంచేలోపల పొద్దు గూకతా ఉన్నింది. అందుకని నేనిట్ల పెట్టుకున్నా."

"ఈ సున్నాలో చుక్క ఏంది?"

"అది రంగన్న హోటలోళ్ళది సామీ. అదెందుకట్ల పెట్టినానంటే..."

"సరే సరే, ఆ పక్కది చూపించు."

ఆమె చెప్పబోయింది, అతను ఆపాడు. మళ్ళీ ఇంకొకదాని దగ్గర మొదలుపెట్టింది, మళ్ళీ ఆపాడు. అతనికి ఆకారం చాలు. ఆరు రోజుల్లో అరవై మూడు గుర్తులూ ఒక నోటుబుక్కులోకి దించుకున్నాడు. ఇంటికి వచ్చేటప్పుడు మూటలు నెత్తిన ఉన్నా అడుగు తేలిపోతోందని నాతో చెప్పాడు. తిట్టుకుంటూ వెళ్ళినవాడు అలా వస్తుంటే నాక్కూడా సంతోషమైంది. గురువుగారి మర్మం ఫలించిందని పక్కవీధి వాళ్ళకు కూడా చెప్పేశాను.

అంచు రాయడానికి పదకొండు రోజులు పట్టింది. గుర్తులను పెద్దవి చేశాడు, వరుసలో కూర్చాడు, ఎగుడుదిగుడులు సరిచేశాడు, ఇనుమూ బెల్లమూ నానబెట్టి తీసిన కసిమి నలుపుతో గీతలు దిద్దాడు. చూడడానికి ఎంత బాగుందో చెప్పలేను. దగ్గరగా చూస్తే గుర్తులు, దూరంగా చూస్తే ఏదో పాతకాలపు నగ. గురువుగారు పెట్టె మూత ఎత్తారు. ఈసారి చెయ్యి పెట్టి లాగలేదు. ఒక్కొక్క ముక్కా తీసి చాప మీద పరచసాగారు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. సాయంకాలానికి పెట్టె అడుగు కనిపించింది. అన్నీ తిరిగి సర్ది మూత వేశారు.

"నీళ్ళు చూడనీ," అని మాత్రం అన్నారు. ఉతుకు పడని గుడ్డకు తీర్పు చెప్పడం ఆ ఇంట్లో లేదు. అయినా ఆయన ముఖంలో ఆ వెలుగు మేము ఏళ్ళ తరబడి చూడనిది. దామోదరం ఆ సాయంత్రమే భార్యకు కార్డు రాశాడు: "ఉగాదికి నేను అక్కడికి రావడం లేదు. మీరే ఇక్కడికి రండి." రాసి, తపాలా ఎత్తకముందే డబ్బాలో పడాలని పరుగెత్తాడు.

మర్నాడు పొద్దున కుప్పమ్మ ఆ గుడ్డతో గడప దగ్గరకు వచ్చింది. గుడ్డ పొడిగానే ఉంది.

"సామీ, ఇది ఏ ఇంటిది?" అంది.

గురువుగారు తలెత్తారు. "మనదేనమ్మా. నిన్న నీకిచ్చింది అదే కదా."

"మనదెట్లవుతాది సామీ? అరవై మూడిండ్ల గుర్తులూ దీని మీదనే ఉండాయి. ఉతికి ఎవురింట్లో ఇచ్చేది నేను?"

నేనూ దామోదరమూ ఒక్కసారే నవ్వాము. ఆమె నవ్వలేదు. నిజంగానే ఆ సందేహంతో ఆమె రాత్రంతా నలిగినట్టుంది. గురువుగారు మా ఇద్దరి వైపూ చూసేసరికి మా నవ్వు ఆగిపోయింది. "లోపలికి రా అమ్మా, కూర్చో," అన్నారు. ఆమె గడప దాటి చాప చివర ఒదిగి కూర్చుని, అంచును ఒళ్ళో పరచుకుని, వేలు పెట్టి చూస్తూ పోయింది. మేము కావ్యం చదివేటప్పుడు వేలు ఎలా నడుస్తుందో అలాగే నడిచింది ఆ వేలు.

"ఇది పోస్టుమాస్టరుది. ఎండైనా వానైనా గొడుగు చేతికి తగిలించుకోనే తిరగతాడు కదా, అందుకని మెడ వంచినా. ఇది చింతపండు మండీ వాళ్ళది, చింతకాయ. ఇది రంగన్న హోటలోళ్ళది... కాదు సామీ, ఇది కాదు. చుక్క నడిమికి వచ్చేసినాది. ఆయనకు ముప్పైయేండ్లుగా వడ చిల్లు నడిమికి వచ్చిన పాపాన పోలేదు. నడిమికి వస్తే ఇంక అది రంగన్నది ఎట్లవుతాది?"

ఈసారి గురువుగారే నవ్వారు. చుక్కను నడిమికి తెచ్చింది దామోదరమే, చూపుకు బాగుండాలని.

"ఈ రెండు వంపులూ అన్నదమ్ములవి. ఒక్క గోడకు ఈ పక్కొకరు, ఆ పక్కొకరు. మాటల్లేవు వాళ్ళకు. నేను వీపూ వీపూ పెట్టినా, మీరు ఎదురెదురుగా కూకోబెట్టేస్తిరి. ఇది చూసినారంటే కొట్టుకుంటారు సామీ."

వేలు ఇంకొంచెం ముందుకు జరిగి ఒకచోట ఆగింది. చాలాసేపు ఆగింది. అక్కడ ఉన్నది ఒక సున్నా, చక్కగా, గుండ్రంగా ఉంది.

"ఇది బత్తెయ్య వాళ్ళ ఇల్లు," అంది. గొంతు తగ్గింది. "పెద్దాయన తీర్థాలకని పోయి ఏడేండ్లు. బతికుండాడో లేదో ఎవురికీ తెలీదు. ఆయమ్మ ఇప్పటికీ బొట్టు పెట్టుకుంటాది, వాకిలి గడెయ్యదు. అందుకని ఆ సున్నా నేను ఒక పక్క తెరిచే పెట్టినా సామీ. ఆయమ్మే మూయలేదు. మీరు మూసేస్తిరే?"

ఆ సున్నా నోరు తెరుచుకుని వరుసలో వికారంగా ఉందని, దామోదరమే దాన్ని గుండ్రం చేశాడు. పదకొండు రోజుల్లో అతను ఎక్కువ మురిసిపోయిన దిద్దుబాటు అదేనని నాకు తెలుసు, ఎందుకంటే నన్ను పిలిచి మరీ చూపించాడు. నేనూ బాగుందనే అన్నాను కదా.

"నాకు తెలీదక్కా," అన్నాడు దామోదరం.

"మీరడగలేదు సామీ. నేను చెప్తానంటే సరే సరే అంటిరి," అంది కుప్పమ్మ. ఆ మాటలో కోపం లేదు. ఉంటే అతనికి కొంత తేలికయ్యేది.

అతను ఆమె ఒళ్ళోంచి గుడ్డ తీసుకుని మడతపెట్టాడు. గురువుగారు తీర్పు చెప్పేదాకా ఆగలేదు. "అయ్యా, ఇది మీ పెట్టెలో లేకపోతే లేదు. నాది కూడా కాదు," అని గోడ పక్కన పెట్టేశాడు. పెట్టి, కార్డు గుర్తొచ్చిందేమో, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. కాసేపటికి తలెత్తి ఆమెనే అడిగాడు. "నా బట్టలకు ఏం గుర్తు పెట్టినావక్కా? నా బుక్కులో అది లేదే."

"మీకు పెట్టలేదు సామీ. తొమ్మిదేండ్లుగా రేపో మాపో పోయేవాళ్ళ మాదిరిగానే ఉంటిరి. అందురివీ తీసేసినాక ఏ గుర్తూ లేకుండా మిగిలిపోయేటివే మీవి."

గురువుగారు ఇదంతా వింటూ కూర్చున్నారు. ఆయనకు ఆ క్షణంలో ఏమనిపించిందో, తన కలం తీసి కసిమిలో ముంచి, ఉతికిన గుడ్డ ముక్క ఒకటి పరచి, ఆమె చేతికి ఇవ్వబోయారు. మేము ఉలిక్కిపడ్డాము. ఆ కలాన్ని మేము తాకితే ఒప్పుకోని మనిషి ఆయన.

"నీకు తోచింది రాయమ్మా," అన్నారు.

కుప్పమ్మ కలం పట్టుకుని గుడ్డకేసి చూసింది. "ఎవురింటికి సామీ?"

"ఎవరింటికీ కాదు. ఊరికే, నీ ఇష్టం."

"ఎవురింటికీ కానిదాన్ని ఎట్ల రాసేది?" అని నవ్వి, కలం జాగ్రత్తగా తిరిగి ఇచ్చేసింది. "కొత్తిల్లు వస్తే నాలుగు ఉతుకులు ఊరికే ఉతకతాను సామీ. ఏడ మరక పడతాదో, ఏడ చినుగుతాదో, కొంగుకు ఏం ముడేసుకుంటారో తెలుస్తాది. అప్పుడు అదే వస్తాది చేతికి."

గురువుగారు కలం చేతిలో ఉంచుకునే, తనకు మామూలు కాని చిన్న గొంతుతో అడిగారు. "మా ఇంటికేం పెట్టినావు?"

"మీ నడుము మీదనే ఉండాది కదా సామీ."

ఆయన పంచె చెంగు లాగి, మూల తిప్పి, కళ్ళద్దాలు తెమ్మని నాకు సైగ చేశారు. తెచ్చి ఇచ్చాను. మూలన, లోపలి పక్క, చిన్న చదరం ఉంది. దాని మీద ఒక అడ్డగీత, బిగించినట్టు. ఆయనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"పెట్టె సామీ," అంది కుప్పమ్మ. "నేను ఎప్పుడొచ్చినా ఆ మూత టప్పుమని పడే చప్పుడే నాకు వినిపిస్తా ఉంటాది."

గురువుగారు ఆ మూలను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. రెండు వందల అంచులను గీత గీతా గుర్తుపెట్టుకున్న మనిషి, ఒంటి మీద ఉన్నదాన్ని మొదటిసారి చూస్తున్నారు. ఆయనకు బాధ కలిగిందని నాకు తెలుసు, చెవులు ఎర్రబడ్డాయి. కొంతసేపటికి అడిగారు. "కొంచెం మూత ఎత్తి గీయరాదా అమ్మా?"

"మీరెత్తండి సామీ, నేను గీస్తాను," అని ఆమె మూట సర్దుకుని లేచింది.

ఆ రోజు నుంచి పెట్టె మూత తెరిచే ఉంది. దుమ్ము పడుతుందని గురువుగారి భార్య రెండుసార్లు సణిగింది, మూడోసారి పాత చీర ఒకటి దాని మీద కప్పి ఊరుకుంది.

దామోదరం నగరికి ఇంకో కార్డు రాయలేదు. పంపిన కార్డును వెనక్కు తీసుకునే ధైర్యం లేకపోయిందో, ఉగాదికి ఇంకా నెల ఉందన్న ఆశో నాకు తెలియదు. పది రోజుల గడువు ఎప్పుడో దాటింది, కుప్పమ్మ మొగుడు లేచి తిరుగుతున్నాడు, అయినా ఇతను మూటలు మోస్తూనే ఉన్నాడు. ఈసారి నోటుబుక్కు తీసుకుపోలేదు. ఒక్కొక్క గుర్తు గురించి అడిగి, ఆమె చెప్పి ముగించేదాకా విన్నాడు. అరవై మూడు ఇళ్ళ సంగతులు వినడానికి చాలా రోజులు పడుతుంది. ఆ వినే రోజుల్లో కళ్ళకు వేరే పని లేక, ఇసుక మీద ఆరవేసిన బట్టలనే చూస్తూ ఉండేవాడు.

ఉగాదికి మూడు రోజుల ముందు ఆరో అంచు తెచ్చాడు. పువ్వు లేదు, పక్షి లేదు. ఆరవేసిన బట్టలు వరుసగా ఉన్నాయి, అంతే. ఎండలో బట్ట అంచుల నుంచి ఆరుతుంది, తడి నడిమికి జరుగుతూ పోతుంది. ఏట్లో బట్టలు ఆరవేసే ప్రతి మనిషీ చూసేదే. అతను ఆ తడిని నీలితో రాశాడు. మొదటి బట్టలో నిండా తడి, రెండోదానిలో కొంచెం వెనక్కు జరిగింది, అలా జరిగి జరిగి, చివరి బట్టలో అరచేతంత మరక. ఆ తరువాతిది ఉత్త బట్ట. గాలికి ఎగరకుండా మూలల మీద గులకరాళ్ళు కూడా ఉన్నాయి. కుప్పమ్మ ఉతికి తెచ్చినప్పుడు దాన్ని ఒకసారి చూసి, "మధ్యాన్నం ఎండ ఇది, పొద్దుటిది కాదు," అంది. అది మెచ్చుకోవడమేనని దామోదరానికి తెలిసేసరికి ఆమె వెళ్ళిపోయింది.

గురువుగారు అంచు ఒళ్ళో పరచుకున్నారు. పెట్టె పక్కనే ఉంది, మూత తెరిచే ఉంది. ఆయన ఒక్కసారైనా దాని వైపు తల తిప్పలేదు. అంచు చివరిదాకా చూసి, కుడి మూలన వేలు పెట్టారు. అక్కడ రెండు వేళ్ళ మేర ఏమీ రాయకుండా వదిలేసి ఉంది.

"ఇదేమప్పా, ఈడ తక్కువైంది?"

"అది నా చోటు కాదయ్యా," అన్నాడు దామోదరం.

గురువుగారు అంచు మడిచి అతని చేతుల్లో పెట్టారు. సొంతంగా పని పెట్టుకోవడానికి ఆ ఇంట్లో సెలవంటే అదే.

ఉగాది నాడు భార్యా కూతురూ బస్సు దిగారు. పిల్ల ఒక రోజంతా తలుపు వెనకాలే ఉంది, రెండో రోజు నీలి రంగులో చెయ్యి ముంచింది. ఆ రంగు వారం దాకా వదలలేదు. కొత్త ఇంటికి గుర్తు పెట్టమని దామోదరం అడిగితే, కుప్పమ్మ నాలుగు ఉతుకులు కానీయమంది. అయ్యాక పెట్టింది: చిన్న మూట, దాని కింద వంగిన గీత. అతను రాసే ప్రతి అంచు మూలలోనూ ఇప్పటికీ ఆ రెండు వేళ్ళ చోటు ఉంటుంది, ప్రతిదానిలోనూ ఆమె చేతి గుర్తు ఉంటుంది. కొనేవాళ్ళు అది మరక అని ధర తగ్గించబోతే, అతను గుడ్డ మడిచి లోపల పెట్టేసుకుంటాడు.

ఆ రోజుల్లోనే నేను ఉండబట్టలేక గురువుగారిని అడిగాను. దామోదరాన్ని రేవుకు పంపినప్పుడు ఆయనకు ఇదంతా తెలుసా అని. ఆయన కలం కడగలేదు, పని చెప్పలేదు. "తెలిసుంటే వాణ్ణి తొమ్మిదేండ్లు ఏడిపిస్తానా? మూటలు మోసేదానికి మనిషి లేకపోయె, పంపించినా," అన్నారు. నా నమ్మకం సడలింది అక్కడే. తనకు తెలియలేదని అంత తేలికగా చెప్పగలిగిన గురువును నేను ఆ తరువాత ఎక్కడా చూడలేదు.

దామోదరం గది ఖాళీ చేసి వెళ్ళే రోజున, కాళ్ళకు మొక్కి, గడప దగ్గర ఆగాడు. "అయ్యా, అప్పుడు నేనొక మాట అడిగినాను. కల్పన అందురికీ ఉంటాదా, కొందురికేనా అని. మీరు జవాబు చెప్పలేదు."

గురువుగారు పంచె చెంగు అందుకుని మూల తిప్పి అతనికి చూపించారు. చదరం మీది గీత ఇప్పుడు ఒక పక్కన పైకి లేచి ఉంది.

"ఆ మాట నన్నెందుకు అడగతావు నాయనా? దాన్ని చూడకుండానే ముప్పైయేండ్లు నడుముకు చుట్టుకోని తిరిగినోణ్ణి."